నిమిషానికి పద్నాలుగు చుక్కలు

మా అత్తయ్య దేన్నీ లెక్కపెట్టకుండా వదలదు. మెట్లు లెక్కపెడుతుంది, ఇస్త్రీకి వేసిన బట్టలు లెక్కపెడుతుంది, డాక్టరు ఎన్నిసార్లు "చూద్దాం" అన్నాడో కూడా లెక్కపెట్టి ఇంటికొచ్చాక చెబుతుంది. పెళ్లయిన కొత్తలో నేను చిక్కుడు గింజలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని పదేసి చొప్పున కుప్పలు పెట్టేసింది. నా పని మీద నిఘా పెట్టిందనుకుని వారం రోజులు మూతి ముడుచుకు తిరిగాను. అది నిఘా కాదు, ఆవిడ వేళ్లకి పట్టిన జబ్బు అని తర్వాత తెలిసింది.

ఆవిడ ముప్ఫై రెండేళ్లు విత్తన పరీక్షశాలలో పనిచేసింది. తడి కాగితం మీద వంద గింజలు పరచాలి, చుట్టి పెట్టెలో పెట్టాలి, రోజూ తడి చూడాలి. ఏడో రోజున ఒకసారి, పద్నాలుగో రోజున ఒకసారి విప్పి ఎన్ని మొలిచాయో రాయాలి. తగినన్ని మొలిస్తే విత్తనం బతికినట్టు, లేకపోతే చచ్చినట్టు. అక్కడ అందరూ ఆవిడని వందమ్మ అనేవాళ్లు. ఉద్యోగం అయిపోయినా ఆ పేరు మాత్రం ఆవిడ వెంటే ఇంటికొచ్చింది.

ఈ లెక్కలన్నీ ఒక్క కంటితోనే చేసింది. కుడికన్ను చిన్నప్పుడే పోయింది. రిటైరయ్యే ఏడాది గింజలు చెరుగుతుంటే పొట్టు ఎగిరి ఆ ఉన్న ఒక్క కంట్లోనూ పడింది. చన్నీళ్లతో కడుక్కుని ఊరుకుంది. నర్సు కోడలు ఇంట్లోనే ఉంది కదా, ఒక్క ముక్క చెబితే ఏం పోయింది? నేను చూసేసరికి పుండు పడింది. అది మానేసరికి నల్లగుడ్డు మీద పాలమీగడలాంటి మచ్చ మిగిలింది. పోయినవాళ్లెవరైనా ఇచ్చిన కంటిపొర దొరికితే మార్చవచ్చన్నారు. పేరు రాయించి రెండేళ్లయింది. ఈలోగా ఆవిడకి మనుషులు నీడలయ్యారు, అక్షరాలు మరకలయ్యాయి.

ఇక ఆవిడ పెంచిన వంగ నారు సంగతి. ఈ ఎండాకాలం మొదట్లో ఒకరోజు ఆవిడ ఫ్రిజ్ వెనకమూల నుంచి చిన్న సీసా తీసింది. ఆ సీసా నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆఫీసు చల్లగదిలోనో, మా ఫ్రిజ్‌లోనో ఉందని వినడమే కానీ, మూత తీయగా చూడలేదు. అందులో అరవై వంగ గింజలున్నాయి. కాగితపు కప్పుల్లో మట్టి నింపి, ఒక్కొక్క గింజా తడుముకుంటూ వేసింది. పంతొమ్మిది మొలిచాయి. మా మూడో అంతస్తు పైన డాబా మీద వలనీడలో వాటిని పెట్టి, డాబా తలుపుకి తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకుంది. పూటపూటకీ పైకెళ్లి వేలి వెనకభాగాన్ని మట్టికి ఆనించి తడి చూసేది. ఎందుకంత అపురూపమని అడిగితే, "మొలిచాయి కాబట్టి" అనేది. దాని అర్థం నాకు తెలియలేదు.

సోమవారం పొద్దున కంటి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పొర దొరికింది, మంగళవారం సాయంత్రంలోగా వచ్చి చేరాలి, బుధవారం ఆపరేషను, మొత్తం ఐదారు రోజులు అక్కడే ఉండాలి. ఆ ఊరు మాకు ఆరు గంటల ప్రయాణం. నేను ఆనందం పట్టలేక పరుగెత్తుకెళ్లి చెప్పాను.

"నేను రాను" అంది అత్తయ్య.

"ఎక్కడికి రారు?"

"ఎక్కడికీ రాను. నారు రెండాకుల మీద ఉంది."

నాకు ఒళ్లు మండింది. "అత్తయ్యా, వాళ్లిచ్చేది కన్ను! వంకాయ కాదు. మీరు రానంటే ఆ పొర ఇంకొకరికి వెళ్లిపోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?"

"ఈ ఎండకి ఒక్క రోజు తడి తప్పితే అవీ పోతాయి. మళ్లీ మొలవడానికి గింజలు లేవు."

"వంగ నారు ఏ సంతలోనైనా దొరుకుతుందండీ."

"ఇది దొరకదు" అని గోడవైపు తిరిగి కూర్చుంది. మొండికేస్తే మా అత్తయ్యని కదపడం ఎవరివల్లా కాదు. మా ఆయనకి ఫోను చేద్దామంటే లారీ తీసుకుని వెళ్లి నాలుగు రోజులయింది, ఫోను కలవడం లేదు. నేను పక్కనే కింద కూలబడ్డాను. చివరికి ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది.

ముప్ఫై నాలుగేళ్ల కిందటి మాట. ఉద్యోగంలో చేరి రెండేళ్లు, ఇంకా పర్మనెంటు కాలేదు. ఒక రైతు వంగ విత్తనం పరీక్షకి తెచ్చాడు. ఏళ్ల తరబడి మంచి చెట్టు చూసి, మంచి కాయ చూసి ఎంచుకుంటూ వచ్చిన సొంత విత్తనం. పరీక్షలో నెగ్గితే ప్రభుత్వమే తీసుకుంటుంది. వందేసి గింజలు నాలుగు చుట్టలు కట్టింది అత్తయ్య. మధ్యలో రెండు రోజులు సెలవులొచ్చాయి. రెండో రోజు పొద్దున వెళ్లి తడిపే వంతు ఆవిడది. ఆ పొద్దున మా ఆయనకి, అప్పుడు నాలుగేళ్లు, జ్వరం నూట నాలుగు. పిల్లాణ్ని వదిలి వెళ్లలేకపోయింది.

"మర్నాడు వెళ్లి విప్పాను. తెల్లగా మొలకలు వచ్చే ఉన్నాయమ్మాయ్. వచ్చి, ఎండిపోయి ఉన్నాయి. దారప్పోగుల్లా. ఉన్న మాట చెబితే ఉద్యోగం ఉండదు. సున్నా అని రాశాను. నాలుగు వందలకి సున్నా."

"మళ్లీ పరీక్ష చేయించొచ్చుగా?"

"చెబితేగా చేయించేది! ఆయన కాగితం చూసుకుని కౌంటరు దగ్గరికొచ్చాడు. గట్టిగా కూడా అడగలేదు. 'రోజూ నీళ్లు పోశారా అమ్మా?' అన్నాడు. 'పోశాం' అన్నాను." అత్తయ్య తన అరచేయి చూసుకుంది, అందులో ఏం కనిపించిందో. "చచ్చిన విత్తనం ఇంట్లో ఎందుకని ఉన్నదంతా పారబోశాడట. సేద్యమే మానేశాడని తర్వాత విన్నాను. పరీక్షకి తీసుకోగా మిగిలిన చిటికెడు గింజలు మా దగ్గర ఉండిపోయాయి. అవే ఇవి."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు వేయలేదు?"

"మొలవకపోతే బాగుండుననీ ఉండేది, మొలిస్తే బాగుండుననీ ఉండేది. రెంటికీ భయమే. ఇప్పుడు కన్ను పూర్తిగా పోయేలోపు చూసుకుందామని వేశాను. మొలిచాయి. ఇవి కాస్త నిలదొక్కుకుంటే తీసుకెళ్లి వాళ్లింట్లో ఇచ్చి రావాలి. ఆయన గింజలు తెచ్చిన గుడ్డసంచి దాచాను, దాని మీద చిరునామా ఉంది. మళ్లీ నీళ్లు పోయకుండా చంపి, నా కన్ను నేను బాగుచేయించుకోనా?"

నాకు కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఆవిడని అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. అందుకేనేమో, నోటికి గొప్ప మాటొకటి వచ్చేసింది.

"అత్తయ్యా, నేను రోజుకి పాతికమందికి సెలైన్ ఎక్కిస్తాను. పంతొమ్మిది వంగ మొక్కలకి ఎక్కించలేనా?"

ఆవిడ గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం డాబా మీదే. వెడల్పాటి పళ్లెంలో పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచాను. కప్పుల అడుగున చిల్లులున్నాయి కాబట్టి దుప్పటి తడిగా ఉంటే మట్టి తనకి కావలసినంత పీల్చుకుంటుంది. పైన కర్ర కట్టి, ఐదు లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు వేలాడదీశాను. వాటి అడుగున కన్నాలు చేసి, కొత్త సెలైన్ గొట్టాలు దూర్చి, చుట్టూ మైనం మెత్తాను. ఇక మిగిలింది చుక్కల లెక్క. అది ఇద్దరికీ అన్నం పెట్టిన విద్యే. మిల్లీలీటరుకి ఇరవై చుక్కలు, డబ్బాకి ఐదు లీటర్లు, ఐదు రోజులు. అత్తయ్య కాగితం లేకుండానే చెప్పింది. "నిమిషానికి పద్నాలుగు."

గొట్టం చక్రం తిప్పుతూ నేను సరిచేస్తుంటే ఆవిడ చుక్క కింద వేలు పెట్టి లెక్కపెట్టింది. పదహారు. కొంచెం బిగించాను. పదమూడు. వదిలాను. పద్నాలుగు. మర్నాడు పొద్దున మళ్లీ వేలు పెట్టి చూసింది. పద్నాలుగే. దుప్పటి చెమ్మగా, కప్పులు చల్లగా ఉన్నాయి. "సరే, పద" అంది. అమ్మయ్య అనుకున్నాను.

ఆటో వచ్చి కింద హారన్ మోగిస్తోంది. అత్తయ్య అప్పటికే మెట్లు దిగుతోంది. నేను డబ్బాలు మళ్లీ నిండా నింపాను. మూతలు వదులుగా పెట్టి ఉన్నాయి, ముందురోజు నుంచీ అలాగే ఉన్నాయి. పదమూడేళ్లుగా తెరిచిన మూత కనబడితే మూసే చెయ్యి నాది. దుమ్ము పడుతుంది, దోమ పడుతుంది. రెండు మూతలూ గట్టిగా బిగించి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి అత్తయ్య చేతిలో పెట్టాను. ఎంత శుభ్రంగా చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఆసుపత్రిలో ఆవిడ బి.పి. నూట డెబ్బై రెండు. పెద్ద డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి చెప్పింది. "నూట యాభైకి దిగకపోతే కత్తి పెట్టను. పదకొండింటిదాకా చూస్తాను. ఆ తర్వాత ఈ పొర జాబితాలో రెండో పేషెంటుకి." ఆ రెండో పేషెంటు ఎదురు మంచం మీదే ఉన్నాడు. మావైపు చూడకుండా ఉండడానికి పాపం చాలా కష్టపడుతున్నాడు.

మాత్ర ఇచ్చారు. తర్వాత కంట్లో ఒత్తిడి తగ్గించే మందు ఎక్కించడానికి ఒక కొత్త నర్సమ్మాయి వచ్చింది. మా వార్డులో అన్నీ మెత్తటి సంచులే, నీళ్లు దిగేకొద్దీ అవే ముడుచుకుపోతాయి. ఈ మందు గట్టి సీసాలో ఉంది. తలకిందులుగా వేలాడదీసింది. చుక్కలు చకచకా పడ్డాయి, నెమ్మదించాయి, ఆగిపోయాయి. ఆ అమ్మాయి నాలిక కరుచుకుని, ట్రేలోంచి ఒక ఖాళీ సూది తీసి సీసా మూతికి గుచ్చింది. లోపల బుడగలు లేచాయి. చుక్కలు మళ్లీ మొదలయ్యాయి.

గాలి సూది. గట్టి సీసాలోంచి నీళ్లు దిగాలంటే ఆ మేరకు గాలి లోపలికి వెళ్లాలి. వెళ్లే దారి లేకపోతే చుక్క ఆగిపోతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు, మొదటి ఏడాది పాఠం. డాబా మీద నా డబ్బాలు గట్టివి. మూతలు బిగించింది నేను. నిన్న మధ్యాహ్నం ఏ రెండింటికో, మూడింటికో చుక్కలు ఆగిపోయి ఉంటాయి. అప్పటినుంచీ ఆ దుప్పటి ఎండుతూనే ఉంది.

"ఏమమ్మాయ్, నీ చెయ్యి ఇలా చల్లబడింది?" అంది అత్తయ్య. నా చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది.

"ఏసీ కదండీ."

"చుక్కలు పడుతుంటాయంటావా?"

ఎదురుగా గోడ గడియారం తొమ్మిది దాటింది. నిజం చెబితే ఆవిడ గొట్టం పీకేసుకుని లేచి కూర్చుంటుంది. బి.పి. రెండొందలవుతుంది. కన్ను పోతుంది. చెప్పకపోతే?

"పడుతుంటాయి" అన్నాను.

ముప్ఫై నాలుగేళ్ల కిందట కౌంటరు వెనక ఆవిడ అన్న మాట కూడా ఇంతే పొడుగు.

బాత్రూముకని వరండాలోకి వచ్చాను. మా మెట్లెక్కి డాబా మీదికి వెళ్లగలిగిన మనిషి ఆ భవనంలో పగటిపూట ఒక్కరే ఉంటారు. కింది వాటా కాంపౌండరుగారు. మా అత్తయ్యకీ ఆయనకీ పదకొండేళ్లుగా ఉప్పూ నిప్పూ. ఆయన విప్పి ఆరబెట్టుకున్న రేడియో మీద మా పూలకుండీల నీళ్లు కారాయి. రేడియో మూగబోయింది. "ఆకాశం కింద రేడియో పెట్టుకుని తడిసిందంటే నేనేం చేసేది?" అంది ఆవిడ. "ఆకాశం మీ కుండీలోంచి కారదు" అన్నాడాయన. అంతే, ఇద్దరి మధ్యా మాటలు తెగిపోయాయి. ఆయన సుగరు పరీక్షకి నేనే వెళ్లి వస్తుంటాను, అత్తయ్యకి తెలియకుండా.

ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాను. ఎత్తడు. కాలుగాలిన పిల్లిలా ఆ వరండాలో ఈ చివరనుంచి ఆ చివరకి తిరిగాను. తొమ్మిదోసారికి ఎత్తి, "పేపరు చదువుకుంటుంటే ఎవరమ్మా ఇది, కొంపలంటుకున్నట్టు?" అన్నాడు.

గుక్క తిప్పుకోకుండా చెప్పాను. సగంలోనే ఆపేశాడు.

"గట్టి డబ్బానా?"

"అవునండీ."

"మూత బిగించావా?"

"బిగించానండీ."

"గాలి సూది?"

"పెట్టలేదండీ."

"సర్వీసు ఎన్నేళ్లమ్మా నీకు?"

"తర్వాత ఎన్నయినా తిట్టండి బాబాయిగారూ, దండం పెడతాను. ముందు పైకెళ్లండి. డాబా తాళంచెవి మా దగ్గరే ఉండిపోయింది. తాళం పగలగొట్టండి."

"వందమ్మగారి తాళం నేను పగలగొడితే ఆవిడ నా తల పగలగొడుతుంది. పైగా అరవై రెండు మెట్లు. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు."

"అవి పోతే ఆవిడ బతికుండీ లేనట్టే. ఎందుకో ఇప్పుడు చెప్పలేను, ఆపరేషనుంది, నన్ను నమ్మండి" అంటూ ఏడ్చేశాను.

ఫోను కట్టయింది. పైకి వెళతాడో లేదో నాకు అర్థం కాలేదు.

లోపలికి వెళితే బి.పి. నూట యాభై ఎనిమిది. అత్తయ్య కళ్లు మూసుకుని ఏదో గొణుగుతోంది. వంగి విన్నాను. పడే మందు చుక్కల్ని చెవితో పట్టుకోవాలని చూస్తోంది. వినపడవు కదా, ఊహించుకుని లెక్కపెడుతోంది. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. మళ్లీ ఒకటి. ఆ లెక్కతోనే ఆవిడ బి.పి. దిగుతోంది. నేను బిగించిన మూతల కింద ఎప్పుడో ఆగిపోయిన చుక్కల మీద నమ్మకంతో. నా మీద నాకే అసహ్యం వేసింది.

పదింబావుకి నూట నలభై ఆరు. తోపుడు మంచం మీద తీసుకెళ్లిపోయారు. తలుపు దాకా నా చెయ్యి వదల్లేదు. వదిలేముందు రెండుసార్లు నొక్కింది, "అక్కడంతా బాగానే ఉంది కదా" అన్నట్టు. నేనూ నొక్కాను. ఎదురు మంచం మనిషి అటు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత గంటన్నర నేను ఎలా కూర్చున్నానో చెప్పలేను. ఒక తలుపు వెనక కన్ను, ఆరు గంటల దూరంలో ఇంకో తలుపు వెనక నారు. రెంటికీ నేనే పూచీ పడ్డాను, రెంటి దగ్గరా నేను లేను. పన్నెండుకి పది నిమిషాలుండగా ఫోను మోగింది.

"తాళం మంచిదేనమ్మా, విరగడానికి అరగంట పట్టింది" అన్నాడు కాంపౌండరుగారు, రొప్పుతూ. "దుప్పటి అట్టలా ఉంది. నాలుగు నిలబడి ఉన్నాయి. ఎనిమిది తలలు వాల్చేశాయి. ఏడింట్లో ఏమీ లేదు. అన్నిటికీ మట్టి తడిపాను, నీడలోకి జరిపాను. మూతలు వదులు చేయలేదు, నీ శుభ్రం నీకుండనీ. సూదులు గుచ్చి పైన దూది పెట్టాను. ఇప్పుడు పడుతున్నాయి."

"ఆ ఎనిమిదీ బతుకుతాయా?"

"పేషెంటు చుట్టాలకి మనం ఏం చెబుతామో నీకు తెలుసుగా. సాయంత్రం దాకా చూడాలి."

డాక్టరమ్మ బయటికొచ్చి, "పొర బాగా కూర్చుంది" అని చెప్పినప్పుడు నేను పిచ్చిదానిలా ఆవిడనే అడిగాను, సాయంత్రం దాకా చూడాలా అని.

సాయంత్రానికి ఎనిమిదీ తలలెత్తాయి. ఏడు పోయాయి. ఆ తర్వాత రోజులన్నీ ఆయన పొద్దునా సాయంత్రం అరవై రెండు మెట్లూ ఎక్కి, నాకు ఫోనులో వార్డు రిపోర్టు చదివినట్టు చదివాడు. వెల్లకిలా కదలకుండా పడుకున్న అత్తయ్య రోజుకి నాలుగుసార్లు అడిగేది, "చుక్కలు?" అని. "పడుతున్నాయి" అనేదాన్ని. ఇప్పుడది అబద్ధం కాదు. అయినా ఆవిడ మొహంలోకి చూడకుండానే అనేదాన్ని.

ఆదివారం ఇంటికొచ్చాం. కంటిమీద ప్లాస్టిక్ మూతతో, నా భుజం పట్టుకుని ఆవిడ నేరుగా డాబా మెట్లే ఎక్కింది. నడుము నుంచి తాళంచెవి తీసి తడిమింది. దూర్చింది. దూరలేదు. తాళాన్ని వేళ్లతో చుట్టూ తడిమి చూసింది.

"ఇది మన తాళం కాదే."

"కాంపౌండరుగారిదండీ. తాళంచెవి ఆయన దగ్గరుంది" అన్నాను. ఇంకా ఏదో చెప్పబోయాను.

"చెప్పకు. ముందు చూడనీ" అంది. ఎక్కిన మెట్లన్నీ దిగింది. పదకొండేళ్ల తర్వాత ఆయన గుమ్మం ముందు నిలబడి, "తాళంచెవి" అంది. ఆయన ఇచ్చాడు. "నా తాళం జాగ్రత్త, మీదాని కంటే ఖరీదైంది" అన్నాడు. ఆవిడేమీ అనలేదు. అది మా అత్తయ్య అంటే నేనే నమ్మలేకపోయాను.

పైన కప్పుల మీదుగా ఆవిడ వేళ్లు వెళ్లాయి. ఒకటి, రెండు. ఉత్త కప్పు దగ్గర ఆగాయి. మళ్లీ కదిలాయి. రెండోసారి మొదటినుంచీ లెక్కపెట్టింది. పన్నెండు.

"ఏడు ఎప్పుడు పోయాయి?"

"మంగళవారమో, బుధవారం పొద్దున్నో. మూతలు నేనే బిగించాను అత్తయ్యా. గాలి ఆడక చుక్క ఆగిపోయింది. మీ బి.పి. చూసి మీతో అబద్ధమాడాను. ఆయన రాకపోతే ఒక్కటీ మిగిలేది కాదు." ఒక్క గుక్కలో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆవిడ ఒక ఉత్త కప్పు తీసుకుని అందులో మట్టిని వేలితో కదిపింది. "నువ్వు నాలుగు రోజులకే చెప్పేశావు" అంది చివరికి. "మెరుగే."

రెండు వారాలకి కంటిమీద మూత తీసి నల్లద్దాలు ఇచ్చారు. మసగ్గానే అయినా ఆకులు ఆకుల్లా కనబడుతున్నాయంది. ఒక్కో మొక్కకీ ఐదారు ఆకులొచ్చాయి. పాత గుడ్డసంచి మీది చిరునామాని భూతద్దం పెట్టుకుని తనే చదివింది. ఒక పొద్దున పన్నెండు కప్పులూ అట్టపెట్టెలో సర్దుకుని బస్సెక్కాం. దారంతా ఆవిడ ఏం చెప్పాలో పెదవుల మీద సరిచేసుకుంటూనే ఉంది.

ఆ ఇంటి ముందు రేకుల కింద యాభై ఏళ్ల మనిషి నీటి మోటారు విప్పి కూర్చుని ఉన్నాడు. తండ్రి పేరు చెబితే, పోయి చాలా ఏళ్లయిందన్నాడు. అత్తయ్య సర్దుకున్న మాటలన్నీ అక్కడే ఎగిరిపోయాయి. "మీ నాన్నగారి వంగ" అంది. నేను పెట్టె కిందపెట్టాను.

అతను వంగి ఆ ఆకుల్ని చూశాడు. గుడ్డతో చేతుల నూనె తుడుచుకుని, ఒక కప్పులో మట్టికి వేలి వెనకభాగం ఆనించాడు. అచ్చం మా అత్తయ్యలాగే.

"రోజూ నీళ్లు పోశారా?" అన్నాడు.

మామూలుగానే అడిగాడు, నారు తెచ్చిన ఎవరినైనా అడిగినట్టు. అత్తయ్య నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆ గోళ్ల గుర్తులు రెండు రోజులున్నాయి.

"లేదు" అంది. "ఈసారి ఒక రోజు తప్పింది. ఏడు పోయాయి. అప్పుడూ ఒక రోజు తప్పింది, నాలుగు వందలూ పోయాయి. మీ నాన్నగారు అడిగితే పోశామన్నాను. పోయలేదు బాబూ. ఆ విత్తనం చచ్చింది కాదు."

అతను తలెత్తి ఆవిడని చూశాడు. ఆవిడెవరో గుర్తుపట్టాడు. "సంచి మోసుకొచ్చింది నేనే" అన్నాడు. "పారబోసేటప్పుడు పట్టుకుందీ నేనే." ఫరవాలేదనీ అనలేదు, కూర్చోమనీ అనలేదు. లేచి లోపలికెళ్లిపోయాడు. వెళ్లిపోదామా అన్నట్టు అత్తయ్య వైపు చూశాను. ఆవిడ కదల్లేదు.

అతను చెంబుతో నీళ్లు తెచ్చాడు. మాకనుకుని చెయ్యి చాచాను. అతను మమ్మల్ని దాటి, పెట్టె దగ్గర గొంతుక్కూర్చుని, ఒక్కొక్క కప్పులోనూ కొద్దికొద్దిగా పోయడం మొదలుపెట్టాడు. నల్లద్దాల కింద అత్తయ్య చెంపలు తడిసిపోతున్నాయి. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఐదు, ఆరు, ఏడు అని లెక్కపెడుతోంది.